బ్యాంకాక్ వీధి హోటల్లో ఆరుగురు కూర్చుంటే ఎన్ని ప్లేట్లు చెప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వచ్చే నెల ఆరుగురు బ్యాంకాక్ వెళ్తున్నారు: మీరు, మీ ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, అమ్మానాన్నలు, బావమరిది. అక్కడి వీధి తిండి హోటళ్లలో చిన్న చిన్న ప్లేట్లు తెప్పించుకుని అందరూ పంచుకు తింటారని విన్నారు. ఎన్ని చెప్పాలి, ఎలా తినాలి, శాకాహారి అయిన అమ్మగారి సంగతేంటి, కారం తట్టుకోగలమా, బిల్లులో మోసపోతామా, పేరున్న చోట్లకు వెళ్లాలా అన్నవి మీ అనుమానాలు.

ముందు సూటి జవాబు. మొదట నాలుగు ప్లేట్లే చెప్పండి, అన్నం మాత్రం అందరికీ చెప్పండి. ఆ నాలుగూ సగమయ్యాక ఇంకో రెండో మూడో చెప్పండి. ఆ నాలుగింటిలో ఏ రెండూ ఒకే రకంవి కాకూడదు. మనిషికొకటి చొప్పున ఎవరికి వాళ్లు మెనూ చూసి చెప్పుకోవడం మొదలెడితే ఆ భోజనం చెడిందన్నమాటే.

నేను బ్యాంకాక్‌లో పన్నెండేళ్లు ఉన్నాను. అందులో తొమ్మిదేళ్లు ఒక హోటల్ వంటగదిలో పని. మాది తెనాలి దగ్గర పల్లె. మన వైపు నుంచి ఎవరొచ్చినా భోజనానికి తిప్పే డ్యూటీ నా మెడకే చుట్టుకునేది కాబట్టి, మనవాళ్లు ఎక్కడెక్కడ తడబడతారో బాగా చూశాను.

అన్నిటికన్నా పెద్ద తడబాటు ఒక చిన్న మాట తెలియకపోవడం. వీధి పక్క షాపుల్లో ఎక్కువ భాగం అడిగింది అడిగినట్టు అప్పటికప్పుడు వండిచ్చేవి. అక్కడ మీరు 'ఫాట్ కప్రావ్' అన్నారనుకోండి, అంటే తులసాకు వేసిన మాంసం వేపుడు, వాళ్లు ఒక ప్లేటులో అన్నం పెట్టి దాని మీద వేపుడు పోసి ఇస్తారు. దీన్ని 'రాత్ ఖావ్' అంటారు. అది ఒక మనిషి భోజనం. ఆరుగురూ ఆరు చెబితే ఆరు అన్నం ప్లేట్లు వస్తాయి, పంచుకోవడానికేమీ ఉండదు. పంచుకోవాలంటే వంటకం పేరు చెప్పాక 'కప్ ఖావ్' అనాలి. మాటకు మాట చెబితే 'అన్నంతో' అని. మనం 'అన్నంలోకి ఏం చేశావు?' అంటాం చూడండి, సరిగ్గా ఆ భావమే. అప్పుడు కూర విడిగా, కాస్త పెద్ద ప్లేటులో వస్తుంది. ధర కూడా కొంచెం ఎక్కువ. అన్నం వేరే చెప్పుకోవాలి. కొన్ని చోట్ల మనిషికో ప్లేటు ఇస్తారు, కొన్ని చోట్ల గిన్నె నిండా తెచ్చి మధ్యలో పెడతారు. ఆరుగురికి గిన్నెలే మేలు.

అన్నం మాట ఎత్తాను కాబట్టి చెబుతున్నాను, థాయ్ వాళ్లు ఎదురుపడితే 'కిన్ ఖావ్ రూ యంగ్' అంటారు. 'అన్నం తిన్నావా ఇంకా లేదా' అని. మొదటిసారి విన్నప్పుడు మా మేనత్త గొంతు విన్నట్టే అనిపించింది నాకు.

ఇక తినే పద్ధతి. మనకు విస్తట్లో ఒక వరస ఉంటుంది, పప్పుతో మొదలెట్టి పెరుగుతో ముగిస్తాం. వాళ్లకు ఆ వరస లేదు. సూపు ముందు, తీపి చివర అని కూడా అనుకోకండి. వంటగదిలో ఏది ముందు అయితే అది ముందు వచ్చేస్తుంది. సూపు ఆఖరున వచ్చిందని మా చిన్నాన్న ఒకసారి సర్వర్‌ను పిలిచి గొడవ పడబోయాడు. ఆ పిల్లాడికి తప్పేంటో అర్థం కాలేదు, పాపం.

అన్నం మీ ముందు, కూరలన్నీ మధ్యలో. ఏదో ఒకదాన్ని ఒకటి రెండు చెంచాలు తీసి అన్నం అంచున వేసుకుంటారు, అది తిన్నాక ఇంకోదాని దగ్గరికి వెళ్తారు. నాలుగు రకాలూ ఒకేసారి ప్లేటు నిండా పోసుకుంటే ఎదుటివాళ్లు నవ్వి ఊరుకుంటారు గానీ, మర్యాద అనుకోరు. పైగా రుచులన్నీ కలిసి ఏది ఏదో తెలియకుండా పోతుంది. కుడి చేతిలో చెంచా, ఎడమ చేతిలో ఫోర్కు. ఫోర్కుతో చెంచాలోకి తోసుకోవడమే, ఫోర్కు నోట్లోకి వెళ్లదు. చాప్‌స్టిక్స్ నూడుల్స్ గిన్నెలకే. అన్నానికి చాప్‌స్టిక్స్ అడిగి ఇబ్బంది పడకండి.

మీ అమ్మగారు ఎంగిలి విషయంలో పట్టింపు ఉన్నవారైతే ఒక మంచి వార్త: ప్రతి కూరకూ ఒక చెంచా విడిగా ఉంటుంది, 'చోన్ క్లాంగ్' అంటారు, అంటే మధ్య చెంచా. వీధి షాపుల్లో కొన్నిసార్లు ఇవ్వరు. అడిగితే వెంటనే తెస్తారు. సొంత చెంచా మధ్య గిన్నెలో పెట్టేవాళ్లూ ఉన్నారు, సూపు దగ్గర మరీను. అందుకే కూర్చోగానే నేను చేసే మొదటి పని నాలుగు మధ్య చెంచాలు అడగడం.

ఏ నాలుగు? మన భోజనాన్నే గుర్తు పెట్టుకోండి. పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి ఎలా ఒకదానికొకటి సాయం చేస్తాయో ఇక్కడా అంతే. ఒకటి పుల్లగా, పచ్చిగా ఉండేది. ఒకటి నీళ్లగా ఉండేది. ఒకటి పొడిగా వేయించింది. ఒకటి చప్పగా, కారం లేకుండా, మిగతావాటి మంటను చల్లార్చేది. ఈ చివరిదాన్ని మనవాళ్లు తప్పకుండా మరిచిపోతారు. నా సలహా 'ఖై జియావ్', థాయ్ ఆమ్లెట్. మరిగే నూనెలో పోస్తారు కాబట్టి అంచులు పొంగి కరకరలాడతాయి. ఎక్కడైనా దొరుకుతుంది, పిల్లలు కళ్లు మూసుకుని తింటారు. మీ పాపకు వేరే ఏదీ నచ్చకపోయినా ఇదీ అన్నమూ చాలు.

ఫాట్ థాయ్ అనే నూడుల్స్ వేపుడును ఈ లెక్కలోకి తేవద్దు. అది ఒక మనిషికి ఒక ప్లేటు, అన్నంతో తినేది కాదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఆఫీసు బ్యాచ్ ఏడుగురూ ఏడు ఫాట్ థాయ్‌లు చెప్పి, సగం తిన్నాక తీపి మొహం మొత్తి వదిలేశారు. అది తరతరాల నాటి వంటకమని అనుకుంటారు గానీ, దేశమంతటా పాకింది ఫిబూన్ సోంగ్‌క్రామ్ ప్రధానిగా ఉన్న 1930ల చివర, 1940ల కాలంలో. ప్రభుత్వమే పనిగట్టుకుని నూడుల్స్ తినండని ప్రచారం చేసింది. రుచి చూడాలంటే ఒకటి తెప్పించి ఆరుగురూ తలో రెండు ముద్దలు తినండి.

ఇప్పుడు అసలు సరుకు. పంచుకుని తినే వీధి భోజనం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈసాన్ షాపులు. ఈసాన్ అంటే థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతం. మాట కూడా మన ఈశాన్యానికి చుట్టమే. అక్కడి నుంచి బతుకుదెరువు కోసం బ్యాంకాక్ వచ్చినవాళ్లే ఈ షాపులు పెట్టారు. ముందు బొగ్గుల మీద కోడి కాలుతుంటుంది, పక్కన ఒకావిడ మట్టి రోట్లో చెక్క రోకలితో 'టోక్ టోక్' మని దంచుతూ ఉంటుంది. ఆ చప్పుడు వినపడితే చాలు, కూర్చోండి.

ఆవిడ దంచేది సోమ్ తమ్. పచ్చి బొప్పాయి తురుము, అలసంద కాయలు, టమాటా, వెల్లుల్లి, మిరపకాయలు, నిమ్మరసం, చేపల నీళ్లు (ఫిష్ సాస్), తాటిబెల్లం. మెత్తగా నూరదు, నలిగీ నలగనట్టు దంచుతుంది. రోటి పచ్చడి చేసిన చేతులకు ఆ లెక్క ఇట్టే తెలిసిపోతుంది. దీంతోపాటు 'కై యాంగ్' అనే కాల్చిన కోడి, 'లాప్' అనే మాంసం సలాడ్, 'ఖావ్ నియావ్' అనే జిగురన్నం. లాప్‌లో వేయించిన బియ్యాన్ని దంచిన పొడి కలుపుతారు, ఆ కమ్మదనం అక్కడే ఉంది. జిగురన్నం చిన్న వెదురు బుట్టలో వస్తుంది. దాన్ని చేత్తోనే తినాలి: చిన్న ఉండ తీసి, వేళ్లతో నొక్కి, కూరలో అద్దుకోవాలి. బుట్ట మూత తెరిచి వదిలేయకండి, ఐదు నిమిషాల్లో గట్టిపడిపోతుంది. చేత్తో తినే ఏకైక చోటు కదా, మీ నాన్నగారు ఇక్కడే ఎక్కువ సుఖపడతారు.

కారం. సోమ్ తమ్‌కు మిరపకాయల లెక్క మీరే చెప్పచ్చు. ఒకటైతే 'ఫ్రిక్ మెత్ దియావ్', రెండైతే 'ఫ్రిక్ సోంగ్ మెత్'. 'మై ఫెత్' అంటే కారం వద్దని. మొహమాటపడకుండా ఒకటి దగ్గరే మొదలెట్టండి. 'మేం గుంటూరు వాళ్లం' అని ఛాతీ విరుచుకున్న ఒక పెద్దాయన నా మాట వినకుండా ఐదు వేయించుకున్నారు. మూడో ముద్దకు చెవులు ఎర్రబడ్డాయి, ఐదో ముద్దకు మాట ఆగింది. ఆయన కారం తినలేరని కాదు. మన కారం ఎండుమిరపది, నూనెలో మగ్గి, పప్పులోనో చింతపండులోనో కలిసి, చివర పెరుగుతో చల్లబడుతుంది. ఇక్కడిది చిన్న పచ్చి మిరప. దాని పేరు 'ఫ్రిక్ ఖీ నూ', అంటే ఎలుక పెంటికల మిరప. నూనె చుక్క లేదు, నిమ్మరసంతో నేరుగా నాలుక మీద పడుతుంది. పైగా బల్ల మీద పెరుగు ఉండదు.

మండితే నీళ్లు తాగకండి. పక్కన ఊరికే ఒక ప్లేటులో క్యాబేజీ ముక్కలు, అలసంద కాయలు, కొత్తిమీర లాంటి ఆకులు పెడతారు. అవి అలంకారానికి కాదు, ఇందుకే. జిగురన్నం ఒక ఉండ, క్యాబేజీ ఒక ముక్క. అప్పటికీ తగ్గకపోతే 'చా యెన్', అంటే పాలు పోసిన చల్లటి టీ. అందులో ఐస్ వేస్తారు గదా అని భయపడతారు మనవాళ్లు. మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ముక్కల్లాంటి ఐస్ ఫ్యాక్టరీది, నేను ఇన్నేళ్లూ అదే వేసుకున్నాను.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. సోమ్ తమ్‌లో రెండు మూడు రకాలున్నాయి. మీరు 'సోమ్ తమ్ థాయ్' అని స్పష్టంగా చెప్పండి. అందులో వేరుశనగలు, ఎండు రొయ్యలు పడతాయి. 'పూ ప్లా రా' అన్న మాట వినిపిస్తే అందులో ఉప్పులో ఊరిన పీతలు, పులియబెట్టిన చేప ఉంటాయి. ఊరినా ఆ పీతలు పచ్చివే. అలవాటు లేని కడుపు మర్నాడు విమానం ఎక్కనివ్వదు. నాకు నచ్చుతుంది, కానీ అది రెండేళ్ల అలవాటు మీద వచ్చిన ఇష్టం.

తోమ్ యమ్ అనే పుల్లటి, కారపు సూపు గురించి ఒక్క మాట. అందులో కనిపించే నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం చెక్కలు, నిమ్మాకులు తినేవి కావు. మనం చారులో కరివేపాకు పక్కకు తోసినట్టు తోసేయండి. దుంపరాష్ట్రం అచ్చం అల్లంలా ఉంటుంది కాబట్టి నమిలి కంగారు పడేవాళ్లు ఎక్కువ.

నిజంగా 'చిన్న ప్లేట్లు' కావాలంటే విక్టరీ మాన్యుమెంట్ దగ్గర పడవ నూడుల్స్ షాపులున్నాయి. ఒకప్పుడు కాలవల్లో పడవల మీద అమ్మేవాళ్లు. పడవలోంచి గట్టు మీదికి ఒలక్కుండా అందించాలంటే గిన్నె చిన్నదైతేనే వీలు. పడవలు పోయినా గిన్నెలు చిన్నవిగానే మిగిలాయి. నాలుగు ముద్దలకు ఒకటి అయిపోతుంది. ఖాళీ గిన్నెలు ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోతే చివర లెక్కపెట్టి డబ్బు తీసుకుంటారు. మీ బావమరిది లాంటి కుర్రాళ్లకు ఇది ఆట. అయితే ఆ పులుసు చిక్కగా, నల్లగా ఉండటానికి కారణం అందులో కలిపే పంది రక్తమో ఎద్దు రక్తమో. ముందే తెలిసి వెళ్లండి. వద్దనుకుంటే 'మై సై లూత్' అనండి, 'రక్తం వేయొద్దు' అని అర్థం. అమ్మగారిని మాత్రం అక్కడికి తీసుకెళ్లొద్దు.

అమ్మగారి భోజనం. ఇక్కడ అబద్ధం చెప్పి ధైర్యం చెప్పలేను. కూరగాయల వేపుడు అంటే శాకాహారం అనుకోవద్దు. చేపల నీళ్లు మనకు ఉప్పు ఎలాగో వాళ్లకు అలాగ. ఆకుకూర వేపుడులో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పడుతుంది. గ్రీన్ కర్రీలో ముక్కలు కూరగాయలే అయినా, నూరిన ముద్దలో రొయ్యల పేస్టు ఉంటుంది. మెనూలో ఆకు బొమ్మ వేసినా సరే.

థాయ్‌లో శాకాహారానికి 'మంగ్సవిరత్' అంటారు. మన మాంసవిరతే అది, సంస్కృతం నుంచి వెళ్లింది. మాట మనదైనా అర్థం కాస్త సడలింది. గుడ్డు ఉండచ్చు, చేపల నీళ్లను పట్టించుకోకపోవచ్చు. దానికన్నా గట్టి మాట 'జే'. చైనా బౌద్ధ సంప్రదాయం నుంచి వచ్చింది: మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనిపిస్తే అది జే షాపు. చాంద్రమానం ప్రకారం సెప్టెంబరు చివరనో అక్టోబరులోనో తొమ్మిది రోజుల జే పండుగ వస్తుంది. మీ ప్రయాణం ఆ రోజుల్లో పడితే యావరాత్ వీధి, అంటే చైనాటౌన్, పసుపు జెండాలతో నిండిపోతుంది, అమ్మగారే మీకు దారి చూపిస్తారు.

మిగతా రోజుల్లో మామూలు షాపులో కూర్చోవాల్సి వస్తే ఈ నాలుగు మాటలు ఫోన్లో థాయ్ లిపిలో రాయించి పెట్టుకోండి: కిన్ జే, మై సై నామ్ ప్లా, మై సై కపి, మై సై నామ్ మన్ హోయ్. జే తింటాను, చేపల నీళ్లు, రొయ్యల పేస్టు, ఆయిస్టర్ సాస్ వేయొద్దు అని. మీ నోటితో పలికితే స్వరం మారి వాళ్లకు అర్థం కాదు, చూపించడమే మంచిది. శాకాహారులకు నేను ఎప్పుడూ చెప్పించేది 'ఫక్ బుంగ్ ఫై డేంగ్'. అది మన తూటికూరే. పెద్ద మంట మీద సోయా, వెల్లుల్లి, మిరపతో ఒక నిమిషంలో వేయిస్తారు. వెల్లుల్లి కావాలంటే మాత్రం జే అనే మాట వదిలేసి మిగతా మూడూ చెప్పండి. మూకుడు మాత్రం వేరే ఉండదు, అంతకు ముందు అందులో పంది మాంసం వేగి ఉంటుంది. ఆ పట్టింపు ఉంటే అమ్మగారికి ఫాహురాత్ అనే భారతీయుల పేటలోనో సీలోమ్ మారియమ్మన్ గుడి చుట్టుపక్కలో మన శాకాహార భోజనం పెట్టించి, వీధి షాపులో పళ్లు, కొబ్బరి నీళ్లతో సరిపెట్టండి. పెరుగు దుకాణాల్లో దొరుకుతుంది గానీ చాలావరకు తియ్యగా ఉంటుంది.

మాంసం విషయంలో: కోడి 'కై', పంది 'మూ', ఎద్దు 'నూవా', రొయ్య 'కుంగ్', చేప 'ప్లా'. ఎద్దు మాంసం తినమని చెబితే ఎవరూ వింతగా చూడరు. గ్వాన్‌యిన్ దేవతను కొలిచే థాయ్ చైనీయుల్లో చాలామంది కూడా అది ముట్టరు.

బిల్లు. మామూలు షాపులో ఒక కప్ ఖావ్ ప్లేటు 80 నుంచి 150 బాట్ మధ్య ఉంటుంది. ఏసీ ఉన్న రెస్టారెంట్లో రేట్ల పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే సర్వీసు చార్జీ 10 శాతం, పన్ను 7 శాతం అదనమని అర్థం. మోసమంటే నాకు తగిలింది ఒక్కసారే. రాత్రిపూట యాత్రికులతో కిటకిటలాడే ఒక సముద్రపు తిండి షాపులో చేప రేటు అడగకుండా చెప్పాను. అది ప్లేటు రేటు కాదు, వంద గ్రాముల రేటు. నలుగురం తిన్నదానికి పదిమంది బిల్లు కట్టాం. అప్పటి నుంచి చేప, పీత, పెద్ద రొయ్య ఏదైనా తూకం వేశాక 'థావ్ రై', అంటే ఎంత, అని అడిగి, క్యాలిక్యులేటర్‌లో మొత్తం చూపించుకున్నాకే వండమంటాను.

పేరున్న చోట్లకు వెళ్లాలా అన్నారు. మహాచాయ్ వీధిలోని జే ఫాయ్ హోటల్‌కి, మంచి హోటళ్లకు స్టార్‌లిచ్చే మిషెలిన్ గైడు బ్యాంకాక్‌కు మొదటిసారి వచ్చినప్పుడే, 2018 సంచికలో, స్టార్ వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని బొగ్గుల మీద పీత ఆమ్లెట్ వేసే ఆవిడ. వంట గొప్పదే. కానీ ఒక్క ఆమ్లెట్టే వెయ్యి బాట్ దాటుతుంది, గంటల తరబడి నిలబడాలి. పాపతో, పెద్దవాళ్లతో నేనైతే వెళ్లను.

మీ ఆరుగురికి, మొదటి రాత్రికి, నేనైతే ఇలా చెబుతాను. ఒక సోమ్ తమ్ థాయ్, ఒకే మిరపతో. ఒక కాల్చిన కోడి. ఒక ఖై జియావ్. తూటికూర వేపుడు రెండు, ఒకటి అమ్మగారికి విడిగా, ఆ నాలుగు మాటలు చూపించి. జిగురన్నం మూడు బుట్టలు, మామూలు అన్నం మూడు. నాలుగు కాదు ఐదయ్యాయి కదా అంటారేమో, అమ్మగారిది లెక్కలో వేయలేదు. ఇవి సగమయ్యాక తోమ్ యమ్ కుంగ్ ఒకటి, మీ బావమరిది ఉత్సాహాన్ని బట్టి లాప్ ఒకటి. సర్వర్ మీకన్నా చిన్నవాడైతే 'నోంగ్' అని, పెద్దావిడైతే 'ఫీ' అని పిలవండి. మన తమ్ముడూ, అక్కా లాగే. బిల్లుకు 'చెక్ బిన్' అంటే చాలు.